గులాబీ రంగు పోయాక

కాడ్ చేపలు వలకు తగలడం మానేసిన ఏడాది
పడవ అమ్మేసి
స్వానెకెలో తూరా గాజు బట్టీ దగ్గర పనికి కుదిరాను.
నలభై ఏళ్ళు పడవల అడుగులకు రంగులేసిన చెయ్యి,
ఈ రాతిపలకలకు సున్నంలాంటిది పూయడం
ఓ లెక్కా అనుకున్నాను.

లెక్కే.

పొడి ఒక పాలు, నీళ్ళు ఐదు పాళ్ళు.
పల్చటి మజ్జిగలా ఉండాలి.
మట్టి గిన్నె అడుక్కి దిగిపోతుంది,
కుంచె ముంచిన ప్రతిసారీ కలపాలి,
కలపడం మరిచావా, నువ్వు పూసేది వట్టి నీళ్ళే.
వెడల్పాటి కుంచె, మేక వెంట్రుకలది.
బరువు పెట్టకు, పిల్లి తోక రాసుకుపోయినట్టుండాలి.
మొదట నిలువు.
తర్వాత అడ్డం.
తర్వాత ఈ మూల నుంచి ఆ మూలకి,
ఆ మూల నుంచి ఈ మూలకి.
పొడిలో కాస్త గులాబీ రంగు కలిపి ఉంటుంది,
ఎక్కడ పూశావో ఎక్కడ వదిలేశావో
నీ కంటికి తెలియడానికి మాత్రమే.
మంట మూడు వందలు దాటేసరికి
ఆ రంగు ఎగిరిపోతుంది, తెల్లటి పూత మిగులుతుంది.

పడవకి పూసేది గుల్లలు అంటకుండా,
దీనికి పూసేది గాజు అంటకుండా.
కాకపోతే సముద్రం ఓ వేసవి ఆగుతుంది.
గాజు ఆగదు.
ఎనిమిది వందల డిగ్రీల దగ్గర తేనెలా సాగి
తన కింద ఏముందో తడుముకుంటుంది.
గోరంత ఖాళీ దొరికితే చాలు.

నాకా సంగతి నవంబరులో తెలిసింది.
పక్క పొగగదిలో హెర్రింగులు బంగారు రంగుకి తిరుగుతున్నాయి,
ఆస్గర్ కాఫీకి కేకేస్తున్నాడు.
నిలువు పూశాను, అడ్డం పూశాను,
మూలల్ని ఎగ్గొట్టి వెళ్ళాను.

ఆ పలక మీదే పెట్టింది తూరా
చెల్లెలి మనవరాలి నామకరణానికని పేర్చిన పళ్ళెం.
పదహారు రకాల నీలాలు, మధ్యలో ఒకే ఒక్క పసుపు గీత.
చీకట్లో దీవి మీది దీపమట అది.

రెండో రోజు పొద్దున మూత ఎత్తితే
పళ్ళెం ఎంతో అందంగా ఉంది.
తియ్యబోతే రాలేదు.
అప్పుడు చూశాం, దీపం మీదుగా వెంట్రుకంత పగులు.
ఉలి పెట్టి తడితే
పలక ముక్కతో సహా ఊడింది,
చిగురుతో సహా ఊడిన పన్నులాగా.

తూరా తిట్టలేదు. తిడితే బావుండేది.
ముక్కుకి మాస్క్ కట్టి, చేతికి గీకుడురేకు ఇచ్చింది.
"మిగతా పలకలన్నీ గీకు.
ఒకసారి పెద్ద మంట చూసిన పూత మళ్ళీ పనికిరాదు,
పొలుసులై గాజుకి అంటుకుంటుంది.
ఊదకు. తడిగుడ్డతో తుడువు.
పొగగదిలో మీ నాన్న ఊపిరి ఏమైందో
నీకు నేను చెప్పాలా?"

గీకాను. తుడిచాను.
గుంటపడిన పలకని ఆమె పారెయ్యలేదు,
గాలికి తలుపు కొట్టుకోకుండా అడ్డం పెట్టింది.
పొద్దునా సాయంత్రమూ దాన్ని దాటే లోపలికి వెళ్తాను.

రెండో పళ్ళెం డిసెంబరులో కాల్చాం.
ఖాళీ పలకని ముందు విడిగా వేడిచేసి
గులాబీ మొత్తం పోయేదాకా
స్టూలేసుకుని అక్కడే కూర్చున్నాను.
ఆస్గర్ రెండుసార్లు పిలిచి మానేశాడు.

నామకరణం రోజు చర్చి పక్క హాల్లో
అందరూ పైనున్న నీలాల్ని మెచ్చుకుంటుంటే
నేను పళ్ళెం అడుగున బొటనవేలు పెట్టాను.
కుంచె వెంట్రుకల గీతలు గాజులో అచ్చు పడి ఉన్నాయి,
చూస్తే కనబడనంత సన్నగా.
నిలువు. అడ్డం.
ఈ మూల నుంచి ఆ మూలకి, ఆ మూల నుంచి ఈ మూలకి.
మళ్ళీ ఒక నిలువు.

ఆ ఐదోది ఆమె చెప్పింది కాదు.
తూరా నా చేతిలోంచి పళ్ళెం తీసుకుని
అడుగు ఒకసారి తడిమింది,
నా వైపు చూసింది,
అందులో వెన్న బిస్కెట్లు పోసింది.